ముప్పై అయిదేళ్ళుగా పోగుచేసిన ఇత్తడి, కంచు సామానుకు ధర కట్టడం ఎలా?

మరచెంబు (తెనాలి)
జనవరి 11, ఉదయం 6.50

సభ్యులందరికీ నమస్కారం. నేను అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. 1988లో మా వీధి చివర పాత ఇత్తడి కొట్టులో, కరిగించడానికి కట్టిన గోనెసంచిలో నుంచి ఒక మరచెంబును బయటికి తీయించి తూకానికి కొనుక్కున్నాను. దాని మూత ఇప్పటికీ మూడు చుట్లు తిరిగి, నీటిబొట్టు కూడా కారకుండా బిగుస్తుంది. ఆ రోజుల్లో ఇంటింటా ఇత్తడి ఇచ్చి స్టీలు తీసుకుంటున్నందువల్ల, జీతం అంతంత మాత్రమైనా నాకు సామాను దొరుకుతూ వచ్చింది. అలా మొదలైన పిచ్చి ఈనాటికి నా పుస్తకంలో 214 నంబర్ల దాకా వచ్చింది. అందులో 27 కిలోల గంగాళం ఒకటి, గుండిగలు మూడు, మరచెంబులు పదకొండు, అడకత్తెరలు పందొమ్మిది, గిద్ద నుంచి కుంచం వరకు కొలపాత్రల వరుస, రాణీపేట జాడీలు ఏడు, కావిడిపెట్టె, రంగూన్ టేకు పడక కుర్చీ, వాల్వు రేడియో, గొట్టం ఉన్న గ్రామఫోను, దాని ప్లేట్లు అరవై, రవివర్మ లక్ష్మీదేవి పటం ఉన్నాయి. చిన్నా చితకా సామాను పేర్లు రాయడం లేదు.

మా ఇంటిని అపార్ట్‌మెంటు కట్టేవారికి ఇచ్చాము. మార్చి నెలాఖరులోగా ఖాళీ చేసి, గుంటూరులో రెండు పడకగదుల ఫ్లాటుకు వెళ్ళాలి. పిల్లలిద్దరినీ అడిగితే చెరొక వస్తువు చాలన్నారు. మిగిలినవి 212.

అమ్ముదామని నిశ్చయించుకున్న మాట నిజమే కానీ, ధర చెప్పవలసి వచ్చేసరికి నాకు నోరు పెగలడం లేదు. మొన్న ఒకాయన చిలుక ఆకారపు అడకత్తెరను చూసి ఎంతని అడిగారు. 1991లో దాన్ని నేను 35 రూపాయలకు కొన్నానని పుస్తకంలో ఉంది. నెట్‌లో అటువంటిదానికి 6,500 అని చూశాను కనుక 4,000 అన్నాను. ఆయన నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. అంతకుముందు కొత్తగా హోటలు పెట్టబోతున్న ఒక యువకుడు మొత్తం సామాను గుత్తగా ఇస్తే గోడలకు బిగిస్తానన్నాడు. గుండిగకు మేకులు కొడతాడేమో అని భయపడి నేనే పంపేశాను. తక్కువ చెబితే మోసపోతానన్న బాధ, ఎక్కువ చెబితే అత్యాశ అనిపిస్తుందన్న సిగ్గు నన్ను రెండు వైపులా లాగుతున్నాయి. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరు.

జుమ్మేరాత్ (హైదరాబాదు)
జనవరి 11, రాత్రి 9.15

అయ్యా, మా నాన్నగారు పురానాపూల్ దగ్గర గురువారం సంతలో గుడ్డ పరిచి పాత సామాను అమ్మేవారు. నేను ఇప్పుడు చిన్న కొట్టు నడుపుతున్నాను. కాబట్టి కొనేవాడి వైపు నుంచి చెబుతాను, మనసు కష్టపెట్టుకోవద్దు.

నెట్‌లో మీరు చూసిన 6,500 అమ్మేవాడి కోరిక మాత్రమే. ఆ ప్రకటన ఎన్ని నెలలుగా అక్కడే వేలాడుతూ ఉందో ఒకసారి చూడండి. అడిగిన ధరలు వంద కనబడతాయి, అమ్ముడైన ధర మాత్రం అమ్మినవాడికీ కొన్నవాడికీ తప్ప మూడోవాడికి తెలియదు. నావంటి వర్తకుడు 3,000కు అమ్మగలననుకున్న వస్తువుకు మీకు 1,000 నుంచి 1,200 లోపే ఇస్తాడు. ఎందుకంటే దాన్ని తోమించి, కొట్టు అద్దె కట్టుకుంటూ, ఆరు నెలలు దుమ్ము దులుపుతూ కూర్చోవాలి. పదింటిలో మూడు అసలు పోనే పోవు. మీరే నేరుగా అమ్ముకుంటే ఆ తేడా మీకు మిగులుతుంది, కానీ ఆ ఆరు నెలలు కూడా మీవే అవుతాయి.

ప్రతి వస్తువునూ ముందు కాటా మీద పెట్టండి. తుక్కు ధర మీకు నేల వంటిది, అంతకంటే దిగవలసిన అవసరం లేదు. మా బజారులో ఈ వారం తుక్కు ఇత్తడి కిలో 500కు అటూ ఇటూగా నడుస్తోంది. కంచు అంతకంటే ఎక్కువ పలుకుతుంది, ఎందుకంటే అందులో రాగితో కలిసేది తగరం, ఇత్తడిలో కలిసేది జింకు. రెండింటినీ తేల్చుకోవడానికి పరీక్ష ఏమీ అక్కరలేదు, వేలి గోటితో కొట్టి వినండి. కంచు చాలాసేపు మోగుతూనే ఉంటుంది. కింద పడితే ఇత్తడి సొట్ట పోతుంది, కంచు పగులుతుంది. అందుకే చీలిక లేని పాత కంచు పళ్ళేలు తక్కువగా మిగిలాయి, వాటిని గంగాళాల కంటే జాగ్రత్తగా బేరం చేయండి.

గ్రామఫోను ఫోటో పెట్టండి. గొట్టం బాగా మెరుస్తూ ఉంటే మాత్రం నాకు ముందే అనుమానం.

రాచ్చిప్ప (కాకినాడ)
జనవరి 12, ఉదయం 10.05

మాస్టారూ, మీ చిలుక అడకత్తెర సంగతి రెండుసార్లు చదివాను. ఆయన 4,000 ఇస్తానని వెంటనే జేబులో చెయ్యి పెట్టి ఉంటే మీరు ఏం చేసి ఉండేవారు? లోపలికి వెళ్ళి, మా ఆవిడకు అది ఇష్టమండీ, ఇవ్వలేనండీ అని ఉండేవారు కాదా? మీరు ధర చెబుతున్నది అమ్మడానికి కాదు, అమ్మకుండా ఉండడానికి. నాకు తెలుసు, ఎందుకంటే మా అమ్మ పోయిన తరువాత రెండేళ్ళు నేనూ అదే పని చేశాను.

మా అమ్మ ఊరగాయ జాడీలు పద్నాలుగు ఉండేవి. ఒక్కొక్కదానికి 3,000 చెప్పి, ఎవరూ కొనకపోతే లోలోపల సంతోషించేదాన్ని. చివరికి అద్దె ఇల్లు మారవలసి వచ్చినప్పుడు, లారీలో రెండు పగిలాయి. ఆ రాత్రి మిగిలిన పన్నెండిటిలో మూడు ఉంచుకుని, తొమ్మిదింటిని తెలిసినవాళ్ళకు 500 చొప్పున ఇచ్చేశాను. ఒకావిడ మరుసటి వేసవిలో అందులో పెట్టిన మాగాయ పంపింది.

కాబట్టి మీరు ముందు ధర రాయకండి. ఇవ్వనివి ఏవో రాయండి. అవి ఎన్ని అన్నది మీ ఫ్లాటులో అరలు నిర్ణయిస్తాయి, మీరు కాదు.

మరచెంబు (తెనాలి)
జనవరి 12, రాత్రి 8.30

రాచ్చిప్ప గారూ, మీ మాట కాస్త గట్టిగానే తగిలింది. మా ఆవిడ చదివి, ఈవిడెవరో బాగా చెప్పింది అని మీ పక్షం చేరిపోయింది.

అయితే ఒక సంగతి చెప్పాలి. నా బిందెలలో ఒకదాని మెడ మీద యజమాని ఇంటిపేరుతో సహా పేరు, దాని కింద ‘వివాహము 1949’ అని చుక్కలతో కొట్టి ఉంది. దగ్గరగా చూస్తే వివాహము అన్న మాటలో ‘హ’ కొట్టేవాడికి చెయ్యి జారినట్లుంది, ఒక చుక్క కిందికి పోయింది. అటువంటి బిందెను పరాయివాడికి అమ్మడం ధర్మం కాదనిపించి, తెలిసినవారి ద్వారా రేపల్లె వైపు ఆ కుటుంబాన్ని పట్టుకున్నాను. పెళ్ళికూతురి మనవడు కారులో వచ్చాడు, మర్యాదస్తుడు. బిందెను తిప్పి తిప్పి చూశాడు, పేరును నాలుగు ఫోటోలు తీసి తమ కుటుంబం వాట్సాప్ గుంపుకు పంపాడు. ఆ తరువాత, ‘తూకం ఎంతండీ?’ అన్నాడు. అయిదు కిలోల పైచిలుకు అన్నాను. తుక్కు ధర కట్టి, మాసి ఉంది కదా అని కిలోకు పది తగ్గించాడు. ఊరికే ఇద్దామని పిలిపించినవాడిని, ఆ పది రూపాయల మాటతో మనసు విరిగి ఇవ్వలేకపోయాను.

రాచ్చిప్ప (కాకినాడ)
జనవరి 12, రాత్రి 9.10

ఆ అబ్బాయి తప్పు ఏమీ లేదు మాస్టారూ. ఊరికే ఇస్తున్నానని మీరు ముందే అని ఉంటే బేరం మాట వచ్చేది కాదు. పైగా అతనికి కావలసింది ఫోటోలో దొరికింది. బిందెను మోసుకుపోతే వాళ్ళింట్లో మాత్రం పెట్టుకునే చోటు ఎక్కడిది?

గిద్దసోల (మచిలీపట్నం)
జనవరి 14, మధ్యాహ్నం 3.20

గణితం బోధించి రిటైరైనవాడిని కావడం వల్ల మీ కొలపాత్రల మీదనే నా కన్ను పడింది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చి, ఆ తరువాత కొన్నేళ్ళలోనే ఇవన్నీ సంత నుంచి వంటింటికి, వంటింటి నుంచి అటకకు చేరాయి. గిద్ద నుంచి కుంచం దాకా ఒకే చేతి పని అయిన వరుస మీ దగ్గర ఉంటే, దయచేసి విడదీయవద్దు. విడిగా ఒక్కొక్కదానికీ వచ్చే సొమ్ము కలిపినా, పూర్తి వరుసకు వచ్చేదానికంటే తక్కువే ఉంటుంది, పైగా విడిపోయిన తరువాత దాన్ని మళ్ళీ ఎవ్వరూ కూర్చలేరు.

ప్రదర్శనశాలకు ఇవ్వవచ్చునని ఎవరో ఒకరు సూచిస్తారు కనుక ముందే చెబుతున్నాను. వాడుక సామానును గౌరవించిన ప్రదర్శనశాలలు మన దేశంలో లేకపోలేదు. పుణెలో దినకర్ కేళ్కర్ గారు అడకత్తెరలు, దీపాలు, వంటింటి పనిముట్లు జీవితకాలం సేకరించి, చనిపోయిన కుమారుడు రాజా పేరిట ప్రదర్శనశాల పెట్టి, తరువాత దానిని ప్రభుత్వానికి అప్పగించారు. అహ్మదాబాదులో విశాలా భోజనశాల ఆవరణలో వంటపాత్రలకే ఒక ప్రదర్శనశాల ఉంది. మద్రాసు దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రలో పాత ఇళ్ళనే తెచ్చి నిలబెట్టారు. అయితే వారి దగ్గర గుండిగలకు కరువు లేదు. ఏ ఊరిది, ఎవరు వాడారు, ఎప్పుడు కొన్నారు అన్న వివరం రాసి ఉన్న వస్తువు అయితేనే వారు ఆలోచిస్తారు. మీ పుస్తకంలో ఆ వివరాలు ఉంటే, 214 వస్తువుల కంటే ఆ పుస్తకానికే వారు ముందు చెయ్యి చాపుతారేమో.

తగరం (రాజమహేంద్రవరం)
జనవరి 15, ఉదయం 7.00

మాది కళాయి, అంటే గిన్నెల లోపల తగరం పూత, వేసే కుటుంబం. అందరూ అమ్మకం గురించి చెబుతున్నారు, నేను అమ్మకానికి ముందు చేయకూడని పని చెబుతాను. మెరిస్తే ధర వస్తుందని యంత్రం మీద పాలిష్ పట్టించకండి. ఆ చక్రం ముందుగా తినేసేది అంచు నగిషీని, ఆ తరువాత చుక్కల పేర్లను. చింతపండు, మెత్తటి ముగ్గు పెట్టి చేత్తో తోమితే చాలు, కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. సేకరించేవారి కోసం అయితే అది కూడా వద్దు, నలుపు అలాగే ఉండనివ్వండి. ఆ నలుపు రావడానికి 50 ఏళ్ళు పట్టింది, పోవడానికి అరగంట చాలు.

ఈ మధ్య మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మళ్ళీ ఇత్తడిలో వండుకోవాలని, కంచంలో తినాలని వచ్చేవారే. వారికి వయసుతో పని లేదు, గట్టిదనంతో పని. కొత్త కంచు సామాను మా ఊరి కొట్లలో కిలో 1,800 దాటింది. పాతదానికి తుక్కుకూ కొత్తకూ నడుమ ఎక్కడైనా చెప్పండి, పోతుంది. ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి లేకపోతే ఆ మాట ముందే చెప్పి అమ్మండి. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము దిగుతుంది, తిన్నవారికి వాంతులవుతాయి, మాట మీకు వస్తుంది. మా నాన్నగారు నవాసారం చల్లి, తగరం కడ్డీ తాకించి, దూది ఉండతో ఒక్క చుట్టు చుట్టేసరికి నల్లటి గిన్నె లోపల వెన్నెల కాసినట్లయ్యేది. ఆ పని తెలిసినవారు ఇప్పుడు ఊరికి ఒక్కరు దొరికితే గొప్ప.

నిర్వాహకులు
జనవరి 15, సాయంత్రం 6.00

ఈ చర్చలో కొత్తగా చేరిన ఇద్దరు పెట్టిన సందేశాలను తొలగించాము. బియ్యపు గింజలను లాగే రాగి చెంబుకు కోట్లు ఇస్తామని ఒకరు, పాత వాల్వు రేడియోలో ఎర్ర పాదరసం ఉంటుందని ఇంకొకరు రాశారు. రైస్ పుల్లర్ పేరిట రెండు రాష్ట్రాలలోనూ ఎన్నో పోలీసు కేసులు నమోదయ్యాయి. పరీక్షకు ఖర్చులని ముందుగా సొమ్ము గుంజుకోవడమే అందులోని కిటుకు. మరచెంబు గారికి నేరుగా ఫోన్లు వస్తే మాట్లాడకుండా పెట్టేయవలసిందిగా మనవి.

జుమ్మేరాత్ (హైదరాబాదు)
జనవరి 16, రాత్రి 10.40

అయ్యా, మీరు పంపిన ఫోటోలు చూశాను. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. గ్రామఫోను కొత్తగా కూర్చినది. కింద పెట్టె చెక్క కొత్తది, గొట్టం ఈ మధ్య కాలపు రేకు, యంత్రం మాత్రం ఏదో పాతదానిలో నుంచి తీసి బిగించారు, కంపెనీ గుర్తైన కుక్క బొమ్మ తరువాత అంటించినది. మన ఇళ్ళలో ఎక్కువగా తిరిగినవి పైకి గొట్టమే లేని సూట్‌కేసు రకం, వాటి గొట్టం పెట్టె లోపల దాగి ఉంటుంది. అలంకరణకు కొనేవారు దొరుకుతారు, కానీ పాతదని చెప్పి అమ్మకండి. ప్లేట్లు మాత్రం అసలైనవే. లక్క ప్లేట్లు కనుక ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచండి. అందులో సినిమా పాటల కంటే నాటక పద్యాల ప్లేట్లు అడిగేవారు నాకు తెలిసినవారే ముగ్గురు ఉన్నారు.

రవివర్మ పటాన్ని భూతద్దం కింద పెట్టి లక్ష్మీదేవి చెంప చూడండి. రాతి అచ్చులో రంగు ఇసుక చల్లినట్లు, ఒక క్రమం లేకుండా ఉంటుంది. వరుసలు తీరిన చుక్కలు కనబడితే అది తరువాతి కాలపు యంత్రపు అచ్చు. రవివర్మ గారు ముద్రణాలయం పెట్టింది 1894లో, బొంబాయిలో. ఆ పేరు మీద అచ్చులు మాత్రం ఈనాటికీ పడుతూనే ఉన్నాయి.

మరచెంబు (తెనాలి)
జనవరి 17, ఉదయం 6.15

వరుసలు తీరిన చుక్కలే కనబడ్డాయి. 1996లో 700 పెట్టి కొన్నాను, నా లెక్కలో దానికి 8,000 అని రాసుకున్నాను. ఫ్రేము మాత్రం మంచి టేకు.

నల్లకోటు (విశాఖపట్నం)
జనవరి 18, ఉదయం 11.30

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. 1972లో చేసి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులోకి తెచ్చిన పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం, చారిత్రక ఆసక్తి కలిగిన వస్తువు 100 ఏళ్ళు దాటితే పురావస్తువు అవుతుంది. విలువ కలిగిన రాతప్రతులకైతే 75 ఏళ్ళు. అటువంటివాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, విగ్రహాల వంటి కొన్ని తరగతులకు నమోదు కావాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడానికి అసలు వీలు లేదు. మీ జాబితాలో ఎక్కువ భాగం స్వాతంత్ర్యానికి కాస్త ముందూ వెనుకా కాలానివిగా కనబడుతున్నాయి కనుక బెంగ అక్కరలేదు. పూజగదిలో నుంచి వచ్చిన పాత విగ్రహం ఏదైనా ఉంటే మాత్రం దానిని పక్కన పెట్టి నిపుణులకు చూపించండి. అడకత్తెరల పిడులలో గానీ, పెట్టె మీద పొదిగిన పనిలో గానీ ఏనుగు దంతం ఉంటే దానిని అమ్మకానికి పెట్టకండి, అది వన్యప్రాణి చట్టం కిందికి వస్తుంది. పన్ను విషయంలో, సొంత వాడకపు గిన్నెలు వేరు, సేకరణ వేరు. పెద్ద మొత్తం చేతికి వస్తే ఆడిటరును ఒక మాట అడగండి.

డల్లాస్ కోడలు
జనవరి 19, ఉదయం 5.45

బాబాయి గారూ, మేము ఫిబ్రవరిలో గుంటూరు వస్తున్నాము. నాకు మరచెంబులు రెండు కావాలి. మా మామగారు మొదటిసారి మద్రాసు మెయిలు ఎక్కినప్పుడు మరచెంబుతోనే ఎక్కారని ఇప్పటికీ చెబుతారు, అమెరికాలో పుట్టిన నా పిల్లలకు అదేమిటో తెలియదు. సూట్‌కేసులో 23 కిలోల హద్దు ఉంటుంది కనుక గుండిగ మీద ఆశ పెట్టుకోవడం లేదు. విమానాశ్రయంలో పాత ఇత్తడి అని ఆపుతారా? ధర మీరు ఎంత చెబితే అంత ఇస్తాను.

నల్లకోటు (విశాఖపట్నం)
జనవరి 19, ఉదయం 9.20

అమ్మా, వివాహ సంవత్సరమో మరొకటో కొట్టి ఉన్న చెంబును ఎంచుకోండి, వందేళ్ళ లోపుదని చూపడానికి అది కొంతవరకు ఆధారం. అనుమానం ఉన్న వస్తువుకు, ఇది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ధ్రువపత్రం ఇస్తుంది. ఎంత చెబితే అంత ఇస్తానని మాత్రం మాస్టారితో అనకండి, ఆయనను మళ్ళీ మొదటికి తోసినవారవుతారు.

మరచెంబు (తెనాలి)
ఫిబ్రవరి 17, రాత్రి 9.00

నెల రోజులు ఇటువైపు రాలేకపోయాను, క్షమించాలి. మీ మాటలు విని, ఫ్లాటులో అరలు కొలిచి, ఇవ్వనివి ముందుగా రాశాను. మొదటిసారి 61 వచ్చాయి, మా ఆవిడ చదివి కాగితం వెనక్కి ఇచ్చింది. మూడోసారికి 17 దగ్గర ఆగాము. తరువాత ప్రతి వస్తువునూ కాటా వేసి, తుక్కు ధర పెన్సిలుతో ఒక మూల రాసుకుని, అమ్మే ధర చీటీ మీద రాసి తెల్లదారంతో కట్టాను. రెండు ఆదివారాలు వరండాలో పరిచి, తెలిసినవారికి, వారికి తెలిసినవారికి కబురు పంపాము.

మంగళగిరి నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. అడకత్తెరలన్నీ నేల మీద వరుసగా పెట్టించుకుని, సంచిలో నుంచి సొంత వక్క తీసి, ఒక్కొక్కదానిలో పెట్టి నొక్కి చూశారు. 1,500కు దించిన నా చిలుక ఆకారంది మొండిదని తేలింది, దాని కింద వక్క నలిగింది తప్ప తెగలేదు. ఏ బొమ్మా లేని, తుప్పు మరకల ఇనుపదానిలో వక్క టక్కుమని రెండై, ఒక ముక్క ఎగిరి మంచం కిందికి పోయింది. ఆవిడ దానినే తీసుకుని, చీటీ మీద ఉన్న 600 బేరం ఆడకుండా ఇచ్చారు. అంతవరకు వాటి పిడులు, నగిషీ చూసి ధర రాసిన నేను, ఆవిడ వెళ్ళిన తరువాత మిగిలిన పద్దెనిమిదింటి చీటీలు విప్పి, కిలో వక్కలు తెప్పించి మళ్ళీ రాశాను.

కొలపాత్రలు దుగ్గిరాల వైపు ఉన్నత పాఠశాలలో లెక్కల పంతులమ్మ ఒకరు, రెండు వాయిదాలలో 2,500 ఇచ్చే ఒప్పందం మీద తీసుకున్నారు. నేను మొదట రాసుకున్నది 9,000. మరునాడే ఆవిడ ఫోను చేశారు. పిల్లలు బియ్యం పోసి కొలిస్తే నాలుగు సోలలు మానికలో పట్టడం లేదట, గుప్పెడు కింద పోతున్నాయట. మానిక అడుగున సొట్ట ఉన్న సంగతి 26 ఏళ్ళలో నేను చూడలేదు. సొమ్ము తగ్గించమంటారా అని అడిగితే, వద్దండీ, సొట్ట ఘనపరిమాణం ఎంతో పిల్లల చేత కట్టిస్తున్నాను అన్నారు.

నాటక పద్యాల ప్లేట్లు జుమ్మేరాత్ గారు చెప్పినవారికే వెళ్ళాయి. గ్రామఫోను కొత్తగా కూర్చినదని చీటీ మీదనే రాశాను, అయినా పోయింది. రేడియో దగ్గర ఒక ఆపద తప్పింది. సైన్యంలో పనిచేస్తున్నానని ఒకడు ఫోను చేసి, చూడకుండానే 7,000కు ఒప్పుకుని, కోడ్ పంపుతున్నాను, స్కాన్ చేస్తే సొమ్ము మీ ఖాతాలో పడుతుందన్నాడు. పిన్ను కొట్టబోతుంటే మా ఆవిడ, డబ్బు రావడానికి మనమెందుకు పిన్ను కొట్టాలి అని ఫోను లాక్కుంది. అడిగిన ధరకు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది, కానీ అది వినడానికి ఎంతో హాయిగా ఉంది.

ఇప్పటికి 131 వెళ్ళాయి. వచ్చిన మొత్తం నేను మొదట రాసుకున్న లెక్కలో మూడో వంతు కూడా లేదు.

జుమ్మేరాత్ (హైదరాబాదు)
ఫిబ్రవరి 17, రాత్రి 10.30

రెండు ఆదివారాలకు 131 అంటే, అయ్యా, నేను ఏడాదికి అన్ని అమ్మను. గంగాళం సంగతి చెప్పలేదు. అది ఉంటే నాకు చెప్పండి, తుక్కు మీద కిలోకు 40 వేసి తీసుకుంటాను. కానీ లారీ ఖర్చు నాకు గిట్టదు, నిజం చెబుతున్నాను.

రాచ్చిప్ప (కాకినాడ)
ఫిబ్రవరి 18, ఉదయం 8.10

ఆ 1949 బిందె ఏమైంది మాస్టారూ?

మరచెంబు (తెనాలి)
మార్చి 9, సాయంత్రం 7.20

రాచ్చిప్ప గారూ, బిందె రేపల్లె చేరింది. ఆ అబ్బాయికి నేనే ఫోను చేసి, సొమ్ము అక్కరలేదు, వచ్చి తీసుకువెళ్ళమన్నాను. ఈసారి వాళ్ళ అమ్మగారిని కూడా తీసుకువచ్చాడు. ఆవిడ బిందె మెడ మీద చుక్కలను వేలితో తడిమి, ఇది మా అత్తగారు అమ్మేసింది కాదండీ, దొంగలు ఎత్తుకుపోయింది అన్నారు. పాత ఇత్తడి కొట్టులో కొన్నవాటిలో అటువంటివి ఇంకెన్ని ఉన్నాయో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గంగాళాన్ని పొన్నూరు దగ్గర ఒక ఊరి రామాలయం వారు శ్రీరామనవమి పానకానికి తీసుకున్నారు. ముగ్గురు పెద్దమనుషులు వచ్చి, లోపలికి టార్చి వేసి, అడుగున పాత మాటును, అంటే అతుకును, పట్టుకుని గంటసేపు బేరం చేశారు. 14,000 అన్నది 13,500 దగ్గర తెగింది, అంటే సరిగ్గా తుక్కు ధర. కళాయికి తగరం గారి నంబరు ఇచ్చాను, ఆయన వచ్చి వేస్తానన్నారు, రాగానే ఎంత తగరం పడుతుందో లెక్క కట్టారట. అంచు మీద ఎవరో పాత యజమాని పేరు ఉంది. పక్కనే నా పేరు కూడా కొట్టిస్తామని కమిటీ వారు అన్నారు కానీ, నేను అమ్మినవాడిని, ఇచ్చినవాడిని కాదని చెప్పి వద్దన్నాను. నలుగురు మోసి ట్రాక్టరు ఎక్కించారు. తలుపు దగ్గర ఒక పలక ఊడింది, ఎలాగూ కూలగొట్టే ఇల్లే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

డల్లాస్ అమ్మాయికి మరచెంబులు రెండు ఒక్కొక్కటి 900 చొప్పున ఇచ్చాను. 1988 నాటిది ఆ రెండింటిలో లేదు.

రాణీపేట జాడీలు ఇంకా అయిదు ఉన్నాయి, ఒకదానికి మూత లేదు. చిలుక అడకత్తెర కూడా ఉంది, వక్క తెగదు. కావలసినవారు ఈ నెల 28లోగా వచ్చి తీసుకువెళ్ళగలరు. జాడీలు లారీలో పంపను.